ఇంట్లో చదివే పిల్లలకు ట్యూటర్: హన్మకొండ, వరంగల్‌లో ఎవరిని వెతకాలి, ఏం మాట్లాడుకోవాలి

మీరు అడిగింది ఇదీ: హన్మకొండలో ఉంటున్నారు. ఎనిమిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబు. ఈ ఏడాది ఇద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నారు. మీరిద్దరూ ఉద్యోగస్తులు, పగలు ఇంట్లో అమ్మమ్మ ఉంటారు. అన్ని సబ్జెక్టులూ చెప్పే మంచి సారు ఎక్కడ దొరుకుతారు, నెలకు ఎంతివ్వాలి?

మొదటి చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. మామూలు ట్యూషన్ సారుకు పనిని బడే తేల్చి పెడుతుంది. ఏ పాఠం, ఏ హోంవర్కు, ఏ రోజు పరీక్ష అన్నీ పిల్లల డైరీలోనే ఉంటాయి, ఆయన పూర్తి చేయిస్తే సరిపోతుంది. మీ ఇంట్లో ఆ డైరీ లేదు. ఏం చెప్పాలో మీరు తేల్చకపోతే వచ్చినాయన మొదటి రోజు పుస్తకంలో మొదటి పేజీ తెరుస్తాడు, మార్చికల్లా చివరి పేజీ మూస్తాడు. మధ్యలో పిల్లలకు ఏమొచ్చిందో, ఏం రాలేదో ఎవరూ చూడరు. అందుకని ముందు పని రాసుకోండి, తర్వాతే మనిషిని వెతకండి.

పని రాసుకోవాలంటే పిల్లలు ఎక్కడున్నారో తెలియాలి. ఏ తరగతి మాన్పించారన్నది లెక్క కాదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేకు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాడే పరీక్ష కాగితాలు తెలుగులో ఉచితంగా దొరుకుతాయి. చదవడంలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, పదుల నుంచి అప్పు తెచ్చుకోవాల్సిన రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం ఉంటాయి. పాపకు అది చాలు. దానికి తోడు ఒత్తులున్న పది మాటలు డిక్టేషన్ చెప్పండి. బాబుకు ఐదో తరగతి పుస్తకంలోంచి ఎప్పుడూ చదవని ఒక పేరా ఇచ్చి, చదివాక పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమనండి. హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాల కూడిక, ఒక పెద్ద భాగహారం, తెలుగులో ఐదు వాక్యాలు, ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాయించండి. ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. తప్పులు దిద్దకండి, ఆ కాగితాలు అలాగే దాచండి. ఇంటర్వ్యూలో అవే పనికొస్తాయి.

పుస్తకాల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, అంటే ప్రభుత్వ బడి పుస్తకాలు, పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఉన్నాయి. 2022-23 నుంచి వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో పక్కపక్క పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. ఇంట్లో చదివే పిల్లలకు ఇది చాలా అక్కరకొస్తుంది. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పేజీ చదివి, జవాబు ఇంగ్లీషులో రాయించవచ్చు. మన దగ్గర ఎక్కువ ట్యూషన్లలో జరిగేదేమిటంటే, ఇంగ్లీషు పాఠాన్ని సారు తెలుగులో చెబుతాడు, పిల్లలు గైడులోంచి ఇంగ్లీషు జవాబు దింపుకుంటారు. వినడం తెలుగులో, రాయడం చూచిరాతలో. రెండేళ్లు గడిచినా సొంతంగా ఒక వాక్యం రాదు. గైడు ఇంట్లోకి రాకూడదని మొదటి రోజే చెప్పేయండి.

ఇక ఎవరిని వెతకాలి. ఇద్దరికీ, అన్ని సబ్జెక్టులకూ ఒక్కరే దొరకాలని పట్టుపట్టకండి. అట్లని సబ్జెక్టుకొకరిని పెట్టుకున్నా టైంటేబుల్ ఆగమవుతుంది. ఇద్దరు పిల్లలకు ఇద్దరు ట్యూటర్లు మించకుండా చూసుకోండి.

పాపకు డీఎల్‌ఈడీ (చిన్న తరగతుల టీచరు శిక్షణ) చేసి టెట్ (టీచరు అర్హత పరీక్ష) పేపర్-1 పాసైనవాళ్లు సరిపోతారు. పేపర్-1 ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పేవాళ్లది. బాబుకు బీఈడీ చేసి, పేపర్-2 గణితం-సైన్సుతో పాసైనవాళ్లను చూడండి. పేపర్-2 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు. జనరల్ వాళ్లకు 150కి 90 వస్తేనే పాస్, కాబట్టి ఆ మార్కుల మెమో చూపించమని అడగడంలో తప్పులేదు. ఇంజినీరింగ్ చదివినాయన ఎనిమిదేళ్ల పాపకు ఎక్కువేమో అనుకుంటారు. అసలు ఇబ్బంది ఎక్కువ తక్కువల్లో లేదు, చిన్నపిల్లలకు చదవడం ఎలా పట్టుబడుతుందో ఆయన నేర్చుకుని ఉండడు.

ఇట్లాంటివాళ్లు హన్మకొండలో చాలామంది ఉన్నారు. డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుకునేవాళ్లు నయీంనగర్, సుబేదారి, కిషన్‌పుర వైపు కిరాయి రూముల్లో ఉంటారు, జిల్లా గ్రంథాలయంలో, స్టడీ హాళ్లలో కూర్చుంటారు. పాఠం చెప్పే పద్ధతి వాళ్లకు తాజాగా ఉంటుంది. ఇబ్బంది ఒక్కటే: నోటిఫికేషన్ పడగానే మానేస్తారు, ఉద్యోగం వస్తే పోతారు. అందులో తప్పుబట్టేదేమీ లేదు. ఏ పరీక్ష రాస్తున్నారు, పరీక్షకు ఎన్ని రోజుల ముందు నుంచి రాలేరు అని ముందే అడిగి రాసుకోండి.

నన్నడిగితే మీకు బాగా కుదిరేది ఇంకొకరు. ప్రైవేటు బడిలో నాలుగైదేళ్లు ప్రైమరీకి చెప్పి, పెళ్లయ్యాకో కాన్పయ్యాకో మానేసిన మేడంలు. వాళ్ల పిల్లలు బడికి పోయే పూట, అంటే పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండు మూడింటి వరకు వాళ్లకు ఖాళీ. మిగతా తల్లిదండ్రులందరికీ ట్యూటర్ కావాల్సింది సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య. ఆ మూడు గంటల కోసమే పోటీ, ఆ మూడు గంటలకే రేటు. మీకు పగటి పూట చాలు. ఫీజు మాట్లాడేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

రిటైర్డ్ టీచర్లు తెలుగుకు, చేతిరాతకు, ఎక్కాలకు, నోటి లెక్కలకు బాగుంటారు. నిట్, కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులు బాబుకు సైన్సు ప్రయోగాలకో కోడింగ్‌కో వారానికి రెండు రోజులు వస్తే బాగుంటుంది. ప్రధాన ట్యూటర్లుగా మాత్రం వద్దు, సెమిస్టర్ పరీక్షలకు, సెలవులకు మాయమవుతారు. పైగా నిట్‌లో చాలామంది వేరే రాష్ట్రాలవాళ్లు, తెలుగు రాకపోవచ్చు. కార్పొరేట్ కాలేజీ లెక్చరర్లను పిలిస్తే పదకొండేళ్ల పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెడతారు.

పనిలో ఉన్న ప్రభుత్వ టీచర్లను అడగకండి. విద్యా హక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. "ఎవరికీ తెలియనివ్వం" అని మొదలైన ఏర్పాటు ఎవరో ఒక ఫిర్యాదు పెట్టగానే నడి ఏడాదిలో ఆగిపోతుంది. కాకపోతే తెలిసినవాళ్లను సూచించమని అడగవచ్చు. డీఎల్‌ఈడీ చెప్పే డైట్ కాలేజీలో, బీఈడీ కాలేజీల్లో పనిచేసే అధ్యాపకులను అడిగితే ఇంకా మంచిది. ఏ విద్యార్థి పిల్లలతో బాగా కలుస్తాడో ప్రాక్టీస్ టీచింగ్ రోజుల్లో వాళ్లే చూసి ఉంటారు.

హోమ్ ట్యూటర్ బ్యూరోలు, యాప్‌ల ద్వారా కూడా దొరుకుతారు. చాలా బ్యూరోలు మొదటి నెల జీతంలో కొంత ట్యూటర్ దగ్గరే కోసుకుంటాయి. ఆ నెల గడవగానే కొందరు వేరే ఇల్లు చూసుకుంటారు. కమీషన్ ఎంతో, ఎవరు కడుతున్నారో బ్యూరోనూ, ట్యూటర్‌నూ ఇద్దరినీ అడగండి. మనిషిని చూపించకముందే రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటే ఫోన్ పెట్టేయండి. ఆన్‌లైన్ క్లాసు బాబుకు ఇంగ్లీషు మాట్లాడడానికో సంగీతానికో పరవాలేదు. పాపకు మాత్రం తెర మీద చదవడం, రాయడం నేర్పించలేరు. పెన్సిల్ ఎట్లా పట్టుకుందో, అక్షరం ఎటు నుంచి మొదలుపెట్టిందో పక్కన కూర్చుంటేనే కనిపిస్తుంది.

కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో, స్టడీ హాల్ నోటీసు బోర్డు మీద ప్రకటన పెట్టేటప్పుడు "మంచి ట్యూటర్ కావలెను" అంటే వంద ఫోన్లు వస్తాయి. ఇట్లా రాయండి:

"హన్మకొండ కిషన్‌పురలో ఇంటికి వచ్చి చెప్పాలి. 3, 6 తరగతుల స్థాయి పిల్లలు ఇద్దరు, బడికి వెళ్లడం లేదు. సోమవారం నుంచి శుక్రవారం, ఉదయం 10 నుంచి 12. లెక్కలు, ఇంగ్లీషు, తెలుగు. డీఎల్‌ఈడీ లేదా బీఈడీ, ప్రైమరీలో రెండేళ్ల అనుభవం. కనీసం వచ్చే ఏప్రిల్ వరకు రాగలగాలి. డెమో క్లాసులకు డబ్బులిస్తాం."

"బడికి వెళ్లడం లేదు" అన్న మాట తప్పకుండా ఉండాలి. అది చదివి అనుమానపడేవాళ్లు అక్కడే ఆగిపోతారు, మీకు అరగంట మిగులుతుంది. పిల్లల పేర్లు, ఫొటోలు, ఇంటి నంబరు మాత్రం పెట్టకండి.

ఇంటర్వ్యూలో డిగ్రీల గురించి అయిదు నిమిషాలు చాలు. మిగతా సమయం దాచిన కాగితాలతో గడపండి. పాప 402 లోంచి 178 తీసేసి 376 అని రాసిందనుకోండి. ఆ లెక్క ట్యూటర్ ముందు పెట్టి, "ఇట్లా ఎందుకు రాసింది?" అని అడగండి. "అజాగ్రత్త, ఇంకో ఇరవై లెక్కలు చేయిస్తే సరి" అన్నవారికి టీ ఇచ్చి పంపేయండి. కాసేపు చూసి, "రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి తిప్పి ఎనిమిదిలోంచి రెండు తీసేసింది, సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడే రాసింది, ప్రతి గడిలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది" అన్నవారు మీకు కావాల్సినవారు. అది అజాగ్రత్త కాదు, పాప తనకు తానే కట్టుకున్న నియమం. ఇరవై లెక్కలు ఇస్తే ఇరవైకీ అదే నియమం వాడుతుంది, ఇంకా గట్టిపడుతుంది. తర్వాతి ప్రశ్న: "దీన్ని ఎలా సరిచేస్తారు?" వంద నోట్లు నాలుగు, రూపాయి నాణేలు రెండు పెట్టి 178 ఇవ్వమని, చిల్లర ఎక్కడి నుంచి తెస్తావని అడుగుతామంటే సరైన దారి. వచ్చిన 376కు 178 కలిపి చూడమంటామన్నా మంచిదే, 554 వచ్చేసరికి తప్పు తనకే తెలుస్తుంది. బాబు కాగితంలో అర, మూడో వంతు కలిపితే రెండు బై ఐదు అని ఉంటే అదీ ఇట్లాగే అడగండి. కలిపితే వచ్చింది అరకన్నా తక్కువ ఎట్లా అయిందని పిల్లాడినే అడుగుతామన్న ట్యూటర్‌ను వదులుకోకండి.

కాగితం మీద నెగ్గిన ఇద్దరు ముగ్గురికి రెండేసి డెమో క్లాసులు పెట్టండి, క్లాసుకు ఇంత అని డబ్బులివ్వండి. మొదటి రోజు అందరూ నవ్వుతూనే చెబుతారు, రెండో రోజే అసలు పద్ధతి బయటపడుతుంది. మీరు గదిలో ఓ మూల కూర్చుని మూడు చూడండి. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారు? రెండు క్షణాలకే జవాబు తనే చెప్పేస్తే పిల్లలు ఇక ఆలోచించరు. పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది? సారు చేతిలోనే ఉంటే నోటుబుక్కు అందంగా ఉంటుంది, పిల్లలకు ఏమీ రాదు. ఒకరికి చెబుతుంటే రెండోవారు ఏం చేస్తున్నారు? ఇది మీకు చాలా ముఖ్యం. రెండు స్థాయిల పిల్లలను ఒకేసారి నడపడం అందరికీ చేతకాదు. మొదటి నలభై అయిదు నిమిషాలు పాపకు పాఠం, బాబుకు నిన్నటి దాని మీద రాతపని. తర్వాతి నలభై అయిదు అటూ ఇటూ మార్పు. చివరి అరగంట ఇద్దరికీ కలిపి చదువుకోవడం, ఒకరికొకరు కథ చెప్పుకోవడం. ఇట్లా విడగొట్టి, రాతపని ముందు రోజే సిద్ధం చేసుకుని వచ్చేవారిని చూడండి.

ఫీజు "ఇద్దరికీ కలిపి నెలకింత" అని మాట్లాడుకుంటేనే గొడవలు. గంటల్లోకి మార్చి పోల్చండి. ఒకరు రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 20 రోజులకు 8,000 అడిగారనుకుందాం, 40 గంటలు కాబట్టి గంటకు 200. ఇంకొకరు రోజుకు గంట చొప్పున 6,000 అన్నారు. వినడానికి తక్కువ, గంటకు 300 పడుతోంది. ఈ అంకెలు లెక్క కోసమే, మీ చుట్టుపక్కల రేటు నలుగురిని అడిగితేనే తెలుస్తుంది. ఇంటి నుంచి వచ్చి పోయే దూరం కూడా చూడండి. కాజీపేట నుంచి కిషన్‌పుర రావడం వేరు, రంగశాయిపేట నుంచి రోజూ రావడం వేరు. దూరాభారమైతే వానాకాలంలో నాగాలు పెరుగుతాయి. నెల జీతం తర్వాతి నెల 5వ తేదీలోపు యూపీఐలో పంపండి, "జులై, 38 గంటలు" అని నోట్ రాయండి. మూడు నెలల అడ్వాన్స్ ఇవ్వకండి. జీతం ఆలస్యం కూడా చేయకండి, మంచి ట్యూటర్లు పోయేది ఎక్కువగా అందుకే.

ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. పనిగంటలు, ఫీజు, ట్యూటర్ రాని రోజుకు ఏం చేయాలి, మీరు వద్దన్న రోజుకు డబ్బు ఉంటుందా లేదా, మానేయాలంటే ఇద్దరిలో ఎవరైనా పదిహేను రోజుల ముందు చెప్పడం, కొట్టడం తిట్టడం ఉండకూడదన్నది. సెలవులు పేరుపేరునా రాయండి: బతుకమ్మ నుంచి దసరా దాకా ఊరికి వెళ్తారా, సంక్రాంతికి ఎన్ని రోజులు, మేడారం జాతర ఏడాదైతే ఆ వారం సంగతేంటి. ఎండకాలం వేళలూ అప్పుడే తేల్చుకోండి. మార్చి సగం నుంచి బడులకే ఒంటిపూట, పన్నెండింటికి బండి మీద తిరిగి వెళ్లమనడం న్యాయం కాదు. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నరకు మార్చుకోండి.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. ఆధార్ కాపీ, ఇప్పుడుంటున్న చిరునామా, ఇంతకుముందు చెప్పిన రెండిళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. ఆ ఇళ్లకు ఫోన్ చేసి "మంచివారేనా" అంటే అందరూ ఔననే అంటారు. "ఎందుకు మానేశారు? పిల్లల మీద కోపం వస్తే ఏం చేసేవారు? మళ్లీ పెట్టుకుంటారా?" అని అడగండి. చివరి ప్రశ్నకు అవతల కాసేపు తడబడితే అర్థం చేసుకోండి. పాఠం హాల్లోనే, తలుపు తీసి ఉండాలి, అమ్మమ్మ కనిపించేంత దూరంలో ఉండాలి. ఆమె ఊరెళ్లిన రోజు క్లాసు లేదు. ఈ నియమం మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా, బంధువులకైనా ఒకటే. పిల్లల ఫొటోలు ట్యూటర్ స్టేటస్‌లో పెట్టకూడదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకు నోటికి వచ్చేలా చేయండి.

మొదటి రోజు నుంచీ ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టండి. రోజుకు ఒక్కొక్కరికి నాలుగు గళ్లు: ఏం చెప్పారు, ఏ పేజీ, ఏ తప్పు పడింది, రేపు ఏం చేయాలి. రాయడానికి మూడు నిమిషాలు పడుతుంది, ఆ మూడు నిమిషాలు జీతంలో భాగమని చెప్పండి. మూడో గడి ఖాళీగా ఉంటే, లేదా రోజూ "బాగా చేసింది" అని ఉంటే ట్యూటర్ చూడడం లేదని లెక్క. ట్యూటర్ హఠాత్తుగా మానేసినా ఆ పుస్తకం చూసి కొత్తవారు రెండో రోజే అందుకుంటారు. నెలాఖరు శనివారం ఆ తప్పుల గడి చూసి మీరే పది ప్రశ్నల కాగితం తయారుచేయండి. ఆరు ఈ నెలవి, నాలుగు పాత నెలలవి. ఆ కాగితం ట్యూటర్‌కు ముందు చూపించకండి. పాతవాటిలో రెండు తప్పితే వచ్చే నెల కొత్త పాఠం తగ్గించి పాతది తిరగవేయించాలి. వరసగా రెండు నెలలు ఒకే తప్పు కనిపిస్తే పద్ధతి మార్చమని అడగండి, మూడో నెలా అదే అయితే మనిషిని మార్చండి.

పాపకు ట్యూటర్ దగ్గర ఈ రెండు గంటలు చాలు, బడిలా ఆరు గంటలు కూర్చోబెట్టే పనిలేదు. అయితే రాత్రి ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని బిగ్గరగా చదివించడం మీ పని. దాన్ని ట్యూటర్ మీదకు నెట్టకండి. సైన్సుకు, చరిత్రకు అప్పుడే ట్యూటర్ అక్కర్లేదు. రీజినల్ సైన్స్ సెంటర్, కోట, వేయి స్తంభాల గుడి ఊళ్లోనే ఉన్నాయి. వెళ్లొచ్చాక చూసినదాని గురించి ఓ పేజీ రాయిస్తే తెలుగు క్లాసు కూడా అయిపోతుంది.

కాగితాల సంగతి మీరు అడగలేదు గానీ ట్యూటర్‌కు ఇచ్చే ప్రణాళిక దీని మీదే ఆధారపడుతుంది. పదో తరగతిని ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్)లో గానీ, తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో గానీ రాయాలంటే 14 ఏళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు, ఇంట్లో రాసి ఇచ్చే ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. బాబుకు ఇంకా మూడేళ్లుంది, ఆలోగా ఎనిమిదో తరగతి లెక్కలు గట్టిపడేలా చూడమని ట్యూటర్‌తో చెప్పండి. మధ్యలో మనసు మారితే విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ కింద వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. అయితే పాపను మామునూరు నవోదయలో ఆరో తరగతికి పంపాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. దానికి 3, 4, 5 తరగతులు ప్రభుత్వ లేదా గుర్తింపున్న బడిలో చదివి ఉండాలి. ఇంకొకటి, రేపు ప్రభుత్వ ఉద్యోగాలకు జిల్లా స్థానికత, అంటే ఏ జిల్లావాళ్లన్నది, 1 నుంచి 7 తరగతుల్లో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి చూస్తారు. బడిలో చదవని ఏళ్లకు నివాస ధ్రువపత్రం మీద ఆధారపడాల్సి వస్తుంది. కాబట్టి పాత బడి నుంచి టీసీతో పాటు ఇద్దరికీ చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ ఈ నెలలోనే తీసుకోండి. చిన్న ప్రైవేటు బడులు మూతపడితే ఆ రిజిస్టర్లు వెతికి పట్టుకోవడం చాలా కష్టం.